నల్లకోటు మీద కండువా వేసుకోవాలా? ఆదోని తమ్ముడికి ఒక కర్నూలు వకీలు జవాబు

ఆదోని బార్‌లో ఉన్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి రాస్తున్నా: "ఏడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మాది కోసిగి పక్క పల్లె, నాన్న రైతు. ఒక పార్టీ వాళ్లు మండలంలో లీగల్ సెల్ చూడు, వచ్చే స్థానిక ఎన్నికల్లో జెడ్పీటీసీ సంగతి మాట్లాడదాం అంటున్నారు. ప్రాక్టీసు వదిలేయాల్సి వస్తుందా? లాయరుగా ఉండటం రాజకీయంలో నిజంగా పనికొస్తుందా? మన జిల్లా నుంచి లా చదివినవాళ్లు ముఖ్యమంత్రులే అయ్యారు కదా, ఎమ్మెల్యే దాకా వెళ్లడానికి ఎన్నేళ్లు పడుతుంది?"

నేను కర్నూలు కోర్టుల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా తిరుగుతున్నా. ఎక్కువగా సివిల్, కొంచెం క్రిమినల్. ఒకసారి అసెంబ్లీకి నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నా, ఇంకో రెండు మూడు ఎన్నికల్లో వేరేవాళ్లకు ఏజెంటుగా ఉండి కాగితాలు మోశా. నీకంటే బాగా పెద్దవాణ్ని కాబట్టి నువ్వు అనే రాస్తా, ఏమనుకోకు.

మొదటి ప్రశ్న సులువైనది. ప్రాక్టీసు వదలొద్దు, వదలమని ఏ చట్టమూ అనడం లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 49వ రూలు ఒకటుంది, పూర్తికాలం జీతానికి పనిచేసేవాడు ప్రాక్టీసు చేయకూడదని. ఎమ్మెల్యేలు, ఎంపీలు ఖజానా నుంచి జీతం తీసుకుంటారు కదా, మరి వాళ్లు వకాల్తా ఎలా వేస్తారని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2018 సెప్టెంబరులో కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రజాప్రతినిధికి, ప్రభుత్వానికి మధ్య ఉన్నది యజమాని, ఉద్యోగి సంబంధం కాదని, వాళ్లను ఆపే రూలేదీ బార్ కౌన్సిల్ పెట్టలేదని చెప్పింది. కాబట్టి ఎమ్మెల్యే అయినా పొద్దున కోర్టుకు పోయి వాదించుకోవచ్చు. మంత్రి అయితే మాత్రం కోటు మేకుకు తగిలించాల్సిందే. నువ్వింకా జెడ్పీటీసీ మాట దగ్గరే ఉన్నావు, ఆ టెన్షన్ ఇప్పటి నుంచీ ఎందుకు.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకోటుంది. మన వకీళ్లకు చిన్న చిన్న ప్రభుత్వ పనులు తగులుకుని ఉంటాయి. ఒకడు ఏజీపీ (సివిల్ కేసుల్లో ప్రభుత్వ వకీలు), ఒకడు ఏపీపీ (క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వ వకీలు), ఒకడు మున్సిపాలిటీ కేసులు చూసే స్టాండింగ్ కౌన్సిల్, ఇంకొకడు రైల్వే ప్యానెల్‌లో. ఇవి రాజ్యాంగం 191వ అధికరణ చెప్పే "లాభదాయక పదవి" కిందికి వస్తాయా రావా అనేది ఒక్కో కేసులో ఒక్కో రకంగా తేలింది. రైల్వే ప్యానెల్ వకీలు పని లాభదాయక పదవేనని సుప్రీంకోర్టు మహదేవ్ కేసులో అన్నది. అదే కోర్టు తర్వాత కాంతా కథూరియా కేసులో, ఒకే ఒక్క వ్యవహారం కోసం స్పెషల్ గవర్నమెంట్ ప్లీడరుగా పెట్టుకున్న వకీలు విషయంలో అది పదవి కాదని మెజారిటీతో తేల్చింది. ఆమె రాజస్థాన్‌లో 1967లో గెలిచిన ఎమ్మెల్యే, హైకోర్టులో ఎన్నిక పోయింది, అప్పీలు నడుస్తుండగానే ఆ రాష్ట్ర శాసనసభ వెనకటి తేదీ నుంచి అమలయ్యేలా అనర్హతను తీసేస్తూ చట్టమే చేసింది. మన కోసం ఏ శాసనసభా అంత కష్టపడదు కాబట్టి ముందే చూసుకో. పంచాయతీరాజ్ చట్టంలోనైతే ఇంకా సూటిగా ఉంది: గ్రామ పంచాయతీ తరఫున జీతం మీద ఉన్న వకీలూ, అదే పంచాయతీకి వ్యతిరేకంగా కేసు నడుపుతున్న వకీలూ, ఇద్దరూ దాంట్లో సభ్యత్వానికి పనికిరారు. మున్సిపాలిటీలకూ ఇలాంటిదే ఉంది. నీ డైరీ తీసి ఒకసారి చూడు, మీ పంచాయతీ మీద ఎవరికైనా ఇంజంక్షన్ వేసిపెట్టావేమో. మన పని మనకు గుర్తుండదు, ఎదుటివాడికి గుర్తుంటుంది. ఏదైనా ఉంటే నామినేషన్‌కు ముందే బయటికి రావాలి, రాజీనామా ఇచ్చిన కాగితం చాలదు, ఆమోదించినట్టు కాగితం చేతిలో ఉండాలి.

సరే, చట్టం అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి. ప్రాక్టీసును నువ్వు వదలవు, కానీ నువ్వు కండువా వేసుకున్న రోజే సగం ప్రాక్టీసు నిన్ను వదిలిపోతుంది.

మన బార్‌లో కక్షిదారును పార్టీ అంటాం కదా. "సార్, పార్టీ వచ్చినాడు, కూర్చోబెట్టినా" అంటాడు గుమాస్తా. ఆ పార్టీకీ ఈ పార్టీకీ పడదు. మన పల్లెల్లో ఏ ఊరు తీసుకున్నా రెండు వర్గాలు. పేర్లు మారతాయి, జెండాలు మారతాయి, ఊరు రెండుగా ఉండటం మాత్రం మారదు. అలాంటి చోట ఒక వకీలు దగ్గరికి రెండు వర్గాల మనుషులూ వచ్చారంటే దానికి కారణం అతను మధ్యస్తుడని ఊరికి నమ్మకం. ఒక ఊళ్లో ఈ వర్గానికి గట్టు తగాదా చూస్తాడు, పక్కూళ్లో ఆ వర్గానికి పార్టిషన్ సూటు చూస్తాడు, ఎవరూ ఏమీ అనరు. కండువా పడ్డ మరుక్షణం ఆ నమ్మకం పోతుంది. నీ నిజాయితీ మీద వాళ్లకు అనుమానం ఉండదు. నీ గడప తొక్కితే ఊళ్లో తమ వర్గం ఏమనుకుంటుందో అన్నదే భయం.

నా సంగతి చెబుతా. 2014 మార్చిలో నేను నిలబడుతున్నానని పేపర్లో చిన్న వార్త పడింది. మర్నాడు పొద్దున కోర్టులో కేసులు పిలవడానికి ఇంకా టైం ఉంది, నేను ఆఫీసులో కాజ్‌లిస్టు చూసుకుంటున్నా. మా గుమాస్తా మూడు కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. ఏమప్పా అంటే, "ఎన్ఓసీ అడుగుతున్నారు సార్" అన్నాడు. అంటే కేసు వేరే వకీలుకు ఇచ్చుకోవడానికి నా ఒప్పుదల కాగితం. మూడూ పత్తికొండ పక్కవి. అందులో ఒకటి పదకొండేళ్ల పాత సివిల్ దావా, ఇద్దరు సాక్షుల క్రాస్ కూడా అయిపోయి ఆర్గ్యుమెంట్లకు వచ్చింది, వాది చిన్నప్పుడు మా నాన్న దగ్గర చదువుకున్నవాడు. మెట్ల మీద నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. నేనే బయటికి పోయా. "మీరు మంచోళ్లే సార్, మీ మీద నాకేం లేదు. కాని మావోళ్లు ఒప్పుకోరు. నేను ఆ ఊళ్లో బతకాల కదా" అన్నాడు. ఫీజు బాకీ ఉంటే లెక్క చెప్పమన్నాడు కూడా. నేను మూడింటి మీదా నో అబ్జెక్షన్ సంతకం పెట్టా. ఆ నెలలో ఇంకెన్ని పోయాయో లెక్క రాసుకోలేదు, రాసుకుంటే నామినేషన్ వేసేవాణ్ని కాదేమో.

అయితే నేనెందుకు దిగాను? అదీ చెప్పాలి, ఎందుకంటే నీ ప్రశ్న వెనక కూడా అదే ఉందని నా అనుమానం. 2013 జులై ఆఖర్లో విభజన ప్రకటన వచ్చాక సీమలో కోర్టులన్నీ బహిష్కరించి వకీళ్లం రోడ్డెక్కాం. రాజ్‌విహార్ దగ్గర టెంటు, రోజూ మైకు. నాకు గొంతు ఉంది, నాలుగు పద్యాలు వచ్చు, కోస్తా, సీమ నాయకులు 1937లో రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం కంఠతా వచ్చు. వేలమంది చప్పట్లు కొట్టేవాళ్లు. పేపర్లో ఫోటోలు. టీ కొట్టు దగ్గర డబ్బులు తీసుకునేవాళ్లు కాదు. అంతమంది మనకోసమే వచ్చారనిపిస్తుంది తమ్ముడూ, ఆ మత్తు అలాంటిది. ఒక పార్టీ పెద్దలు ఇంటికొచ్చి టికెట్ నీకేనన్నారు, ఆఖరి రోజు ఒక కాంట్రాక్టరుకు ఇచ్చారు. రోషం వచ్చి ఇండిపెండెంటుగా వేశా. మే 7న పోలింగ్. నాకు పడ్డ ఓట్లు వెయ్యి దాటలేదు. మొత్తం చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, నాకు ఆ ఆరో వంతు దరిదాపుల్లో కూడా లేదు. పదివేలు పోయినందుకు బాధ లేదు. బార్ అసోసియేషన్‌లో ఓట్లున్న వకీళ్ల సంఖ్య, వాళ్ల ఇళ్లలోవాళ్ల సంఖ్య వేసుకుని చూస్తే, మనోళ్లే నాకు వేయలేదని తేలింది చూడు, అదీ బాధ.

ప్రచారంలో ఒకరోజు ఆస్పరి పక్క ఒక ఊళ్లో శ్రీబాగ్ గురించి పావుగంట మాట్లాడా. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో ఏం రాసుకున్నారు, రాజధానో హైకోర్టో ఏదో ఒకటి కోరుకునే హక్కు సీమకు ఎలా ఇచ్చారు, 1953లో కర్నూలు రాజధాని ఎలా అయింది, మూడేళ్లకే అది హైదరాబాదుకు ఎలా పోయింది, అన్నీ. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ అంతా విని, "ఆ బాగు సంగతి యాడిదో గానీ, మా బాగు ఎవరు చూస్తారు నాయనా? కొళాయికి నీళ్లొచ్చి పన్నెండు రోజులాయె" అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వా. ఆ ఊరి జనంలో సగం మంది మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు వలసపోయి అప్పుడప్పుడే తిరిగొస్తున్నారు. నేను హైకోర్టు గురించి చెబుతున్నా. హైకోర్టు మనకు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు, 2024 నవంబరులో కర్నూలులో బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేసిన రోజు నేను కూడా స్వీట్లు పంచా. కానీ అది వకీళ్ల కోరిక. ఓటరు దాని కోసం పోలింగ్ బూతుకు నడిచి రాడు.

ఇక నువ్వన్న ముఖ్యమంత్రుల సంగతి. ఈ జాబితా ప్రతి బార్ మీటింగ్‌లోనూ వింటాం, ఒక్కసారి దగ్గరికి పోయి చూద్దాం.

దామోదరం సంజీవయ్య. కర్నూలు ఊరి పక్కనే ఉన్న పెద్దపాడులో 1921లో పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు, కటిక పేదరికం. అనంతపురంలో డిగ్రీ, తర్వాత కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, ఆ తర్వాత మద్రాసు లా కాలేజీ. 1948లో లా పూర్తయింది, 1950లో వకీలుగా నమోదయ్యాడు, అదే కాలంలో తాత్కాలిక పార్లమెంటుకు సభ్యుడిగా వెళ్లాడు. 1952లో మద్రాసు రాష్ట్రంలో మంత్రి. లెక్క వేసుకో, ఆయన ప్రాక్టీసు చేసింది ఎంత కాలం? వకీలుగా పేరు తెచ్చుకుని రాజకీయాల్లోకి వచ్చాడనడం సరికాదు, పేరు తెచ్చుకునే టైమే దొరకలేదు. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యే నాటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. రెండేళ్ల చిల్లర ఉన్నాడు. ఆ రెండేళ్లలో వృద్ధాప్య పింఛను మొదలైంది, ఏసీబీ ఏర్పడింది. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965లో బోనస్ చట్టం వచ్చింది. నా ఉద్దేశంలో ఇదంతా కోర్టులో నేర్చిన విద్య కాదు. రేషనింగ్ ఆఫీసు కౌంటరు వెనక కూర్చున్నవాడికి ఎవడి చేతిలో కాగితం ఉండదో, ఎవడి పేరు జాబితాలో ఉండదో తెలుస్తుంది. నెలనెలా పింఛను అందాలన్న ఆలోచన అలాంటి చోట నుంచే వస్తుందనిపిస్తుంది నాకు. విశాఖలో నేషనల్ లా యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టారు, బాగుంది, కానీ పిల్లలకు ఆయన రేషనింగ్ గుమాస్తా అని కూడా చెప్పాలి.

కోట్ల విజయభాస్కర రెడ్డి దారి వేరు. ఆయనా లా చదివినవాడే. కానీ ఆయన మెట్లు చూడు: జిల్లా కాంగ్రెస్, అసెంబ్లీ, 1959 తర్వాత కొన్నేళ్లు కర్నూలు జిల్లా పరిషత్ ఛైర్మన్, రాష్ట్రంలో మంత్రి, కర్నూలు నుంచి ఎంపీగా ఎన్నోసార్లు, కేంద్రంలో న్యాయశాఖ కూడా. 1982లో ఒకసారి, 1992లో ఒకసారి ముఖ్యమంత్రి. రెండుసార్లూ ఆయన కుర్చీలో ఉండగానే ఎన్నికలొచ్చి ఎన్టీఆర్ గెలిచాడు, అది వేరే కథ. ఆ జీవితంలో నీకు పనికొచ్చేది జిల్లా పరిషత్. రోడ్డు ఎక్కడ వేయాలి, బడి ఎక్కడ కట్టాలి, బావి ఎవరి పొలంలో తవ్వాలి, ఇలాంటి పనుల మీద ఊరూరూ తిరిగినవాడికి జిల్లా అరచేతిలో ఉంటుంది. నిన్ను జెడ్పీటీసీకి అడుగుతున్నారని చిన్నతనంగా అనుకోకు. నేను ఏకంగా అసెంబ్లీకి వేశా, చూశావు కదా.

కడప బారిస్టరు కోటిరెడ్డి పేరు విన్నావా? కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఆటో దిగేవాళ్లలో పదిమందిని అడుగు, ఆయనెవరో ఒక్కడు చెబితే గొప్ప. శ్రీబాగ్ మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకడు, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో మంత్రి. ఇక ప్రకాశం పంతులు మన జిల్లా మనిషి కాకపోయినా మన ఊళ్లో ముఖ్యమంత్రిగా కూర్చున్నాడు. రాజమండ్రిలో సెకండ్ గ్రేడు ప్లీడరు, తర్వాత ఇంగ్లండు పోయి బారిస్టరు, మద్రాసులో కుప్పలుగా సంపాదన, 1921లో సహాయ నిరాకరణ అంటే ప్రాక్టీసు గాలికి వదిలేశాడు. కర్నూలులో గుడారాల్లో నడిచిన ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం ఆయనది, 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. చివరి రోజుల్లో చేతిలో పైసా లేదు. ఆ తరం ప్రాక్టీసు వదలడాన్ని త్యాగమన్నారు, నిజంగా త్యాగమే. ఈ కాలంలో ఆ పని చేస్తే ఆర్నెల్లు తిరక్కుండానే ఇంటి అద్దెకు, పిల్లల ఫీజుకు పార్టీలో ఎవరో ఒకరి ముందు చేయి చాపాలి. చేయి చాపినవాడికి టికెట్ ఇవ్వరు, పని చెబుతారు. నాకు తెలిసిన మంచి క్రిమినల్ లాయరు ఒకతను, పేరెందుకులే, ఇప్పుడు ఒక నాయకుడి బెయిల్ పిటిషన్లకు, ఆయన మనుషుల స్టేషన్ పనులకు మాత్రమే తిరుగుతుంటాడు. ఆయన ఫోన్ చేస్తే అన్నం మధ్యలో లేచి పోతాడు.

లీగల్ సెల్ అంటే ఆచరణలో ఇదే, ముందే చెబుతున్నా. ఫీజు లేని వకాల్తాలు. రాస్తారోకో కేసులు, ఫ్లెక్సీ చింపిన కేసులు, తహసీల్దారు ముందు బైండోవర్లు. ఏడాది చెయ్, తప్పు లేదు, కానీ ఏ కేసు పడితే ఆ కేసు తీసుకోకు. ముఖ్యంగా ఎవరినైనా నరికిన కేసులో నీ పార్టీవాడి తరఫున నిలబడ్డావంటే, కోర్టులో అది నీ వృత్తి, ఊళ్లో అది నీ పక్షం. నువ్వెంత మొత్తుకున్నా ఆ రెంటికీ తేడా ఎవరికీ కనపడదు.

మరి వకీలుతనం దేనికి పనికొస్తుంది? ఉపన్యాసానికి కాదని పైన చెప్పేశా. కోర్టులో మనం మాట్లాడేది ఒక్క మనిషితో, ఆయన వినాల్సిందే, జీతమే అందుకు. ఊళ్లో ఎవడూ వినక్కర్లేదు. మనకు అలవాటైన "ప్రథమంగా, ద్వితీయంగా" రచ్చబండ దగ్గర నిద్ర తెప్పిస్తుంది. పైగా మనకో జబ్బు ఉంది, ఎవడేం చెప్పినా మధ్యలో ఆపి "తేదీ ఎప్పుడు? కాగితం ఉందా?" అంటాం. బాధ చెప్పుకోవడానికి వచ్చినవాడికి అది క్రాస్ ఎగ్జామినేషన్‌లా ఉంటుంది. ఆ అలవాటు మానుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, మా ఇంట్లో అడిగితే ఇంకా మానలేదంటారు.

పనికొచ్చేది కాగితం చదవడం. దీనిలో మనతో సాటి వచ్చే రాజకీయ నాయకుడు పల్లెల్లో లేడు. ఓడిపోయిన కొన్నేళ్లకు మా బంధువుల ఊళ్లో ఒక పెద్దాయన అరెకరం అమ్ముకోవాలని తిరుగుతున్నాడు, కూతురి ఆపరేషన్‌కు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉంది, రిజిస్ట్రేషన్ కాదన్నారు. లీడర్లందరి దగ్గరికీ పోయాడట, అందరూ "ఫోన్ చేస్తాలే" అన్నారు. నేను ఆర్ఎస్ఆర్ (పాత సెటిల్‌మెంటు రిజిస్టరు) నకలు తీయించి చూస్తే పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు. ప్రభుత్వ భూమి కాదు, ఎప్పుడో సెటిల్‌మెంటు నాడు పేరు రాయకుండా వదిలేసిన భూమి. చుక్కల భూముల కోసం 2017లో చట్టమే వచ్చింది, పన్నెండేళ్లకు పైగా సాగులో ఉన్నట్టు చూపిస్తే దారి ఉంది. పాత శిస్తు రసీదులు, అడంగల్ నకళ్లు వరసగా పేర్చి, ఒకే పేజీ అర్జీ రాసి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి, నంబరు వేయించుకొచ్చాం. ఆ తర్వాత కూడా నడిచింది, వెంటనే ఏమీ కాలేదు, పది నెలలు పట్టింది. కానీ ఆ పది నెలల్లో ఆ ఊరి నుంచి ఇంకో ఇరవై ముప్పై మంది సంచుల్లో కాగితాలు పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. రెండు వర్గాలవాళ్లూ వచ్చారు! డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి పట్టాలు), పేరు తప్పు పడ్డ పాసుపుస్తకాలు, చనిపోయినవాళ్ల పేర్ల మీదే ఉన్న 1బీ భూమి రికార్డులు. రాజ్‌విహార్ మైకు ముందు నాకు దొరకని ఓట్లు అవే. అవి దొరికేసరికి నాకు నిలబడే ఓపిక లేదు.

నీకు నా సలహా ఇదే: కండువా వేసుకునే ముందు ఒక ఏడాది మీ మండలంలో ఈ పని చెయ్. వారానికి ఒకరోజు ఊళ్లో కూర్చో. అర్జీ రాయడానికి డబ్బు తీసుకోకు, కోర్టు కేసుకు మాత్రం ఫీజు ఖచ్చితంగా తీసుకో, రెండింటికీ తేడా జనానికి తెలియాలి. ఆదోనిలో నీ 138 చెక్ బౌన్స్ కేసులు ఎలాగూ నడుస్తాయి, పత్తి మార్కెట్ ఉన్నంత కాలం వాటికి కొదవ లేదు, ఆ కక్షిదారులకు కోసిగి రాజకీయంతో పనిలేదు. ఆ ఆదాయమే నీకు వెన్నెముక. పల్లె సివిల్ కేసుల మీదే బతికేవాడు నాలాగే దెబ్బతింటాడు.

కాగితాల జాగ్రత్త నీ సొంతానికి కూడా కావాలి. వకీళ్ల నామినేషన్లే ఎక్కువ తప్పులతో ఉంటాయి, ఊరందరికీ రాసిపెడతాం కాబట్టి మనది ఆఖరి నిమిషంలో రాసుకుంటాం. అసెంబ్లీ అయితే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు, లేకపోతే "లేదు" అని రాయాలి, రిటర్నింగ్ అధికారి గుర్తుచేశాక కూడా నింపకపోతే తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయిదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల లెక్క నీదీ, భార్యదీ రాయాలి. మన వకీళ్లలో చాలామంది దగ్గర ఇక్కడే నోరు పడిపోతుంది, నగదు ఫీజుల పుణ్యమా అని. రేపు మొదలుపెడితే అయిదేళ్లకు అయిదు రిటర్నులు అవుతాయి, కాబట్టి ఈ ఏడాదే సరిగ్గా వేయడం మొదలుపెట్టు. ధర్నాల్లో పడ్డ కేసులు మర్చిపోకు, దారికి అడ్డం నిలబడ్డ 341 కేసే కదా అని వదిలేస్తే ఎదుటివాడు ఎలక్షన్ పిటిషన్‌లో మొదటి గ్రౌండ్‌గా దాన్నే పెడతాడు. ఫలితం వచ్చాక నలభై అయిదు రోజుల్లో హైకోర్టులో వేయొచ్చు వాడు. ఓడినా గెలిచినా ముప్పై రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత. ఓడిపోయిన బాధలో లెక్క మర్చిపోయి ఈ మూడేళ్లు తగిలించుకున్నవాళ్లు ఉన్నారు.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి. అసెంబ్లీకి ఇప్పుడు పరిమితి 40 లక్షలు, నేను నిలబడ్డప్పుడు 28 లక్షలు. ఆ అంకె చెబితే మన పల్లెల్లో పిల్లలు కూడా నవ్వుతారు. నిజంగా అయ్యే ఖర్చు ఎంతో నేనిక్కడ రాయను, నీకూ తెలుసు. ఎన్నేళ్లు పడుతుందన్న నీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది: డబ్బున్నవాడికి ఒక ఎన్నిక చాలు, డబ్బు లేని వకీలుకు రెండు మూడు ఎన్నికల కాలం, అదీ దారిలో విసుగు పుట్టకపోతే, పొత్తుల్లో మీ సీటు ఇంకో పార్టీకి పోకపోతే. మనలాంటివాళ్లకు పెద్ద ఖర్చు లేకుండా శాసనమండలి దారి ఒకటుందని కొందరంటారు, పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానం. మూడు పాత జిల్లాల మీద పడి తిరగాలి, ఓటరు జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, ఫారం 18 నింపించి గ్రాడ్యుయేట్లను చేర్పించినవాడిదే సగం గెలుపు. చదువుకున్నవాళ్ల ఓటు కదా, ఊరికే పడుతుందనుకోకు. మంత్రాలయం నుంచి రాజంపేట దాకా కారులో తిరిగితే డీజిల్ ఖర్చుకే మనం పడిపోతాం. వయసు కూడా ముప్పై నిండాలి, నీకు నిండిందనుకుంటా.

ఇక వెంటనే చూడాల్సింది ఒకటే. జెడ్పీటీసీ స్థానాలకు రిజర్వేషన్ రొటేషన్ మీద మారుతుంది, మన రాష్ట్రంలో సగం మహిళలకే. మీ మండలం ఈసారి దేనికి పోతుందో తేలకుండానే నీకు మాట ఇస్తున్నారంటే, వాళ్లకు కావాల్సింది నీ అభ్యర్థిత్వం కాదు, నీ లీగల్ సెల్. గెజిట్ వచ్చేదాకా "ఆలోచిస్తానన్నా" అని నవ్వుతూ ఉండు. ఓటు ఆదోనిలో ఉందా ఊళ్లో ఉందా ఈ వారంలోనే చూసుకో. జనరల్ వచ్చిందనుకో, ఇక్కడే మళ్లీ రాయి, నామినేషన్ సెట్టు మొత్తం నేను చూసిపెడతా. ఫీజు అక్కర్లేదు, ఆదోని నుంచి వచ్చేటప్పుడు ఉగ్గాని బజ్జీ పార్శిల్ తెస్తే చాలు.